మామయ్య శుక్రవారాలు

మొన్న మిక్సీ వైరు ఒకచోట చీలి రాగి తీగ బయటపడితే, కిందికి దిగి ఎలక్ట్రికల్ షాపులో ఇన్సులేషన్ టేపు కొనుక్కొచ్చాను. ఎర్ర రంగు టేపు. చుట్ట అంచు గోటితో లేపి జానెడు లాగానో లేదో ఆ జిగురు వాసన ముక్కుకి తగిలింది. అంతే, వంటగదిలో ఎక్కడిదాన్ని అక్కడే నిలబడిపోయాను. పొయ్యి మీద పప్పు మాడింది. ఆ మాడు వాసన వచ్చేదాకా నేను అల్ ఖోర్‌లో మా పాత ఇంటి వరండాలోనే ఉన్నాను. చాప మీద మామయ్య పక్కన కూర్చుని టెన్నిస్ బంతి తిప్పుతున్నాను. క్రికెట్ ఆటకి బంతి గట్టిపడాలని ఆయన టేపు లాగి పట్టుకుంటే నేను బంతి తిప్పుతూ చుట్టించుకోవాలి. టేపు వంకర పోయిందంటే నెత్తి మీద ఒక మొట్టికాయ పడేది.

మామయ్య అంటే అమ్మకి సొంత తమ్ముడు. నాన్నది రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం, మాకు అల్ ఖోర్‌లో కంపెనీ ఇల్లు. నాకు కాస్త ఊహ తెలిశాక గుంటూరు వైపు నుంచి మామయ్య కూడా వచ్చాడు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఖతార్‌కే రాబోతోందని ఊరంతా హడావుడిగా ఉన్న కాలం అది. ఎక్కడ చూసినా తవ్వకాలే. పొద్దున బడికి వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. మా స్కూలు బస్సు డ్రైవరు రోజుకో కొత్త మలుపు కనిపెట్టి, రోజుకో కొత్త తిట్టు తిట్టేవాడు. మామయ్యది ఒక కట్టుబడి కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్ పని. ఎండలో తిరుగుతూ "హెల్మెట్ పెట్టుకో, బెల్టు తగిలించుకో" అని చెప్పి అందరి చేతా తిట్లు తినే ఉద్యోగమని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు.

వారమంతా కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో ఉండి, గురువారం సాయంత్రం మా ఇంటికి వచ్చేవాడు. గడప దగ్గరే అమ్మ ఆపేసేది. "ముందు స్నానం, తరవాత మాటలు" అనేది. ఆయన బూట్లలోంచి రాలిన ఇసకతో నేను వరండాలో చిన్న గుట్ట కట్టేదాన్ని. స్నానం చేసి వచ్చేసరికి హమ్మూర్ చేపల పులుసు పొయ్యి దిగేది. చేప ఆ దేశపుదే గానీ చింతపండూ, మెంతిపొడీ, అమ్మ నోరూ మాత్రం అచ్చంగా గుంటూరువి. అన్నం అయిపోయాక కూడా మామయ్య వదలకుండా ఖుబూస్ రొట్టె ముక్క తుంచి గిన్నె అడుగు తుడిచేవాడు. "కడిగే పని తప్పించావు బావమరిదీ" అని నాన్న ఎగతాళి చేసేవాడు. ఆ రొట్టె ముక్క కోసం నాకూ మామయ్యకీ పోట్లాట జరిగేది. చాలాసార్లు నేనే గెలిచేదాన్ని, ఆయన గెలవనిచ్చేవాడు కాబట్టి.

మామయ్య పుట్టుకే ఒక కథ. ఉల్లిపాయలు తరుగుతూ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పుట్టగానే ఏడవలేదట. మంత్రసాని వీపు మీద చరిచినా, నీళ్ళు చల్లినా ఏడవలేదట. అమ్మమ్మ ఆ మంచం మీదే చేతులెత్తి, "వీడు బతికితే నీ సేవకే ఇస్తాను తండ్రీ" అని మొక్కుకుందట. వెంటనే కెవ్వుమన్నాడట. అమ్మ అక్కడ ఆగి, "అప్పుడు మొదలెట్టిన నోరు, ఇంకా మూయలేదు" అనేది.

ఆ లెక్కన మామయ్య పాస్టర్ కావాలి. అయ్యాడా? చేతికి బైబిల్ ఇస్తే బ్యాట్ పట్టుకున్నాడు. కాలేజీ జట్టులో మొదటి బ్యాటింగ్ ఆయనదే. అమ్మమ్మ తిట్టీ, ఏడ్చీ, చివరికి ఒక మెట్టు దిగి, "ఆడితే ఆడు గానీ ఆదివారం మాత్రం బ్యాట్ ముట్టనని మాటివ్వు" అంది. ఇచ్చాడు. ఆ మాట కోసమే జిల్లా జట్టు ఎంపిక పోటీ ఆదివారం పడితే వెళ్ళలేదు. పొద్దున్నే తల దువ్వుకుని అమ్మమ్మ పక్కన చర్చిలో కూర్చున్నాడట. అక్కడితో పెద్ద ఆట ఆశ పోయింది. ఆ సంగతి ఆయన నోటి వెంట నేనెప్పుడూ వినలేదు.

ఖతార్ వచ్చాక ఈ చిక్కు చిత్రంగా విడిపోయింది. అక్కడ ఆదివారం అందరికీ డ్యూటీ. సైటు మనుషులకి సెలవు శుక్రవారం ఒక్కటే. అందుకని మా చర్చి కూడా శుక్రవారమే. దోహాలో చర్చిలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. హాళ్ళు కొన్నే, భాషలు బోలెడు. ఒకరి ఆరాధన అయ్యాక ఒకరికి, వంతుల వారీగా ఇస్తారు. మా తెలుగు సంఘానికి సాయంత్రం వంతు దక్కింది. పొద్దున ఆట, సాయంత్రం ఆరాధన. దేవుడికీ ఆటకీ మధ్య తగువు లేకుండా మామయ్య జీవితంలో మొదటిసారి అన్నీ కుదిరాయి. కడుపులో చల్ల కదలకుండా కొన్నాళ్ళు గడిచింది.

మా గ్రౌండు అల్ ఖోర్ బయట, క్యాంపుల వెనక ఉండేది. గ్రౌండని మేమనుకోవడమే, నిజానికి గట్టి ఇసక నేల. గడ్డిపరక లేదు. దాన్ని పిచ్‌గా చేసింది ట్యాంకర్ అన్న. జగిత్యాల వైపు మనిషి. సైట్లలో దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే ట్యాంకర్ నడిపేవాడు. గురువారం డ్యూటీ అయ్యాక అడుగున మిగిలిన నీళ్ళు తెచ్చి పిచ్ మీద వదిలేవాడు. సిమెంటు పోసి గట్టిపరిచిన ఇనప డ్రమ్ముని నలుగురు కలిసి దాని మీద దొర్లించేవారు. సైటులో మిగిలిపోయిన ఇనప కడ్డీలు రేకుకి అతికిస్తే అవే స్టంపులు. బంతి తగిలితే ఠంగుమని మోగేవి. అంపైరు చెప్పనక్కర్లేదు, క్యాంపు మొత్తానికి వినపడేది. వికెట్ల వెనక నిలబడేది కూడా ట్యాంకర్ అన్నే. ప్రతి బంతికీ ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు. "ఏమైందన్నా, గాలికి కొడుతున్నవా? గాలి ఏం జేసింది నీకు?" అని అవతలి జట్టువాళ్ళని ఆడుకునేవాడు. వాళ్ళకి తెలుగు రాకపోయినా కోపం వచ్చేది.

కెప్టెన్ హైదరాబాద్ పాతబస్తీ ఆయన. కంపెనీ బస్సు డ్రైవరు. తెల్లటి గడ్డం, పెద్ద గొంతు, ఒంటి నిండా అత్తరు వాసన. తెల్లవారుజామున నమాజు చేసుకుని నేరుగా గ్రౌండుకి వచ్చేవాడు. మధ్యాహ్నం జుమ్మా నమాజుకి మసీదు బాంగు వినపడకముందే ఆట ముగియాలి, లేకపోతే ఎంత రసపట్టులో ఉన్నా చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. నాకు మాత్రం ఆయన కెప్టెన్ కంటే కరక్ టీ అంకుల్. చిన్న హోటల్ ముందు బస్సాపి హారన్ కొడితే కుర్రాడు కాగితపు కప్పుల్లో యాలకుల టీ, చిప్స్ నలిపి లోపల పెట్టి చుట్టిన పరాఠా తెచ్చిచ్చేవాడు. అందులో ఒకటి నాకు. చలికాలం పొద్దున్న ఆ పరాఠాలోంచి వచ్చే వేడి ఆవిరి మొహానికి పట్టుకుంటే ఇంకేం అక్కర్లేదనిపించేది.

ఇక మామయ్య ఆట. దాన్ని చెప్పడానికి నాకు క్రికెట్ మాటలు సరిపోవు. ఇంట్లో అంత వాగుడుకాయ, క్రీజులోకి వెళితే మౌనం. బంతి వేసేవాడు పరిగెత్తుకొస్తుంటే తొందర పడేవాడు కాదు. బ్యాట్ పెద్దగా ఊపినట్టే కనపడేది కాదు, బంతి మాత్రం బౌండరీ గుర్తుగా పెట్టిన ఎర్ర కోన్లు దాటి ఎడారిలోకి పోయేది. కొట్టాక అది ఎటు పోయిందో చూసేవాడు కాదు. చేతి తొడుగు సర్దుకుంటూ కింద నేల చూసేవాడు. దూరంగా రాస్ లఫాన్ ప్లాంటు గొట్టాల మీది గ్యాస్ మంటలు ఆకాశం అంచున నారింజ రంగులో ఆడుతుంటే, ఆ ముందర తెల్ల చొక్కాలో నిలబడ్డ మామయ్య ఈ లోకం మనిషిలా ఉండేవాడు కాదు. నాకు చాలా గర్వంగా ఉండేది. మా బళ్ళో అందరికీ చెప్పేదాన్ని, ఎవరూ నమ్మేవారు కాదు.

అలాంటి ఒక చలికాలంలో గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. మొదటిది, మా గ్రౌండు చుట్టూ కంచె వేస్తున్నారని. ప్రపంచకప్పు కోసం కడుతున్న స్టేడియానికి వచ్చే బస్సులు ఆగడానికి ఆ స్థలం కావాలట. అప్పుడు మావాళ్ళు ఆడుతున్న టోర్నమెంటు ఫైనల్‌తో అక్కడ ఆట ఆఖరు. రెండోది, మా సంఘం వంతు మారింది. ఇక మీదట శుక్రవారం పొద్దున. దానికి తోడు మా పెద్ద అయ్యగారు ఉద్యోగం ముగించుకుని ఇండియా వెళ్ళిపోతున్నారు. పగలు లెక్కల ఆఫీసులో పని, శుక్రవారం పాస్టర్ పని చేసిన ముసలాయన. తన తరవాత సంఘాన్ని మామయ్య చూడాలని ఆయనా, సంఘ పెద్దలూ అడిగారు. తల మీద చేతులుంచి పాస్టర్‌గా నియమించే రోజు కూడా పెట్టేశారు. అది ఫైనల్ ఉన్న శుక్రవారమే.

మామయ్య అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ గురువారం పులుసు గిన్నె అలాగే వదిలేసి లేచాడు. నాకు ఏడుపొచ్చింది. పాస్టర్ అయితే శుక్రవారం ఆట లేనట్టే, శుక్రవారం లేకపోతే ఆటే లేనట్టు. అంత చిన్నదాన్నయినా ఆ లెక్క తెలిసింది. తప్పంతా పెద్ద అయ్యగారిదే అని తేల్చుకున్నాను. ఆ వారం మా ఇంట్లో కూటం పెట్టుకుంటే, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా లేచి వెళ్ళి, గుమ్మం దగ్గర ఆయన చెప్పు ఒకటి తీసి గ్యాస్ సిలిండర్ వెనక పడేశాను. పాపం ఆయన, మా నాన్న స్నానాల గది చెప్పులు వేసుకుని దోహా దాకా వెళ్ళారు. వారం తరవాత సిలిండర్ మార్చడానికి వచ్చినవాడికి ఆ చెప్పు దొరికింది. అమ్మ నా వైపు చూసిన చూపుకి నేను రెండు రోజులు చాలా బుద్ధిగా చదువుకున్నాను.

కెప్టెన్ అంకుల్ నాలాగా చెప్పులు దాచే రకం కాదు. నేరుగా మాట్లాడి తేల్చుకుందామని ట్యాంకర్ అన్నని వెంటేసుకుని నాన్న కారెక్కాడు. మామయ్యకి చెప్పలేదు. అమ్మ వండిన అరిసెల డబ్బా ఒడిలో పెట్టుకుని నేనూ వెనక సీట్లో కూర్చున్నాను. పెద్ద అయ్యగారు అల్ ఘర్రాఫాలో ఒక విల్లా వెనక భాగంలో అద్దెకుండేవారు. చిన్న గది, గోడ నిండా పుస్తకాలు, సగం కట్టేసిన అట్టపెట్టెలు. మమ్మల్ని చూసి ఆయన కంగారుగా కుర్చీల మీద బట్టలు తీసేశారు.

"అయ్యగారూ, చిన్న అర్జీ ఉంది మీతోటి," కెప్టెన్ అంకుల్ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. ఆయన తగ్గించినా గది నిండిపోయింది. "ఆ జుమ్మా ఒక్కటి మాకు వదిలెయ్యండి. ఫైనల్ ఆడనియ్యండి, బస్. తర్వాత మీ మనిషి మీకే."

ట్యాంకర్ అన్న అందుకున్నాడు. దారంతా కూడబలుక్కున్న మాట అది. "ఒక్క మాట సార్. ఆయన వాళ్ళమ్మకు మాటిచ్చింది ఐతారం గురించి గద. ఐతారం ఈడ అందరికి డ్యూటీనే. శుక్కురారం గురించి ఎవ్వలకు మాటియ్యలే. ఆడితే తప్పేముంది చెప్పుండ్రి?"

పెద్ద అయ్యగారికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూ అరిసె ఒకటి తుంచారు. "బాగా చెప్పావయ్యా. లాయరువి కావలసినవాడివి. కానీ మనం ఆరాధనకి కూర్చున్న రోజే మనకి ఆదివారం. క్యాలెండర్లో దాని పేరు ఏదైతేనేం?" తరవాత కెప్టెన్ అంకుల్ వైపు తిరిగారు. "కెప్టెన్ గారూ, ఒకటి అడుగుతాను. ఆట కోసం మీరెప్పుడైనా జుమ్మా నమాజు మానారా?"

"తౌబా! ఎట్ల మానుతా? ఆట ఎంత మిగిలున్నా విడిచిపెట్టి పోతా. అడగండి వీళ్ళని."

"ఎందుకంత పట్టుదల?"

"వారంలో ఒక్కటే జుమ్మా గదా అయ్యగారూ."

"మాకూ ఒక్కటేనండీ," అన్నారు పెద్ద అయ్యగారు. "ఆడొద్దని నేననను. దేవుడు కాళ్ళూ చేతులూ ఇచ్చింది మూల పెట్టడానికి కాదు. కానీ మంద ఇక్కడ కూర్చుని ఎదురుచూస్తుంటే, కాపరి అక్కడ పరుగులు తీస్తుంటే ఎట్లా చెప్పండి?"

కెప్టెన్ అంకుల్ గడ్డం నిమురుకున్నాడు. ట్యాంకర్ అన్న ఆయన మోకాలి మీద గిల్లుతున్నా కదల్లేదు. చివరికి లేచి నిలబడ్డాడు. "మీరు హక్ మాట, న్యాయమైన మాట చెప్పినారు. అయితే ఒకటి. అవతలి టీమ్‌తో నేను మాట్లాడి వెలుతురు రాంగనే మొదలుపెడతా. ఆయన ముందు బ్యాటింగ్ చేస్తడు. మీ వేళకి ఆయన్ని నేనే పంపిస్తా. ఇది నా జబాన్."

కార్లో తిరిగొస్తుంటే ట్యాంకర్ అన్న ఉడికిపోయాడు. "నువ్వు మన దిక్కు వచ్చినవా, ఆయన దిక్కు వచ్చినవా భాయ్?" అన్నాడు. కెప్టెన్ అంకుల్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు కూడా అర్థమైతలేదు" అన్నాడు. నాన్న మింగలేక కక్కలేక స్టీరింగ్ పట్టుకుని నడిపాడు. మిగిలిన అరిసెలు నేనే తినేశాను.

విషయం తెలిసి మామయ్య మండిపడ్డాడు. "నన్నడక్కుండా నా తరఫున బేరాలాడటానికి మీరెవరు?" అని నాన్న మీద కూడా అరిచాడు. ఆ అరుపులు అయ్యాక వరండాలో వచ్చి కూర్చుంటే నేను బంతి తీసుకెళ్ళాను. టేపు చుట్టడం మొదలుపెట్టాం. చాలాసేపయ్యాక తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "క్యాంపులో ఎవడికైనా జ్వరమొస్తే వాడి మంచం పక్కన కూర్చుంటాను చూడూ, అప్పుడు నాకు బ్యాటింగ్ గుర్తే రాదు. ఇంటి మీద బెంగతో ఎవడైనా ఏడుస్తుంటే వాడితో ఉండాలనిపిస్తుంది, ఇదే నా పని అనిపిస్తుంది. కానీ గ్రౌండులోకి వెళ్ళానంటే వీళ్ళెవరూ గుర్తుకు రారు. అదే నా బాధ."

"అయితే రెండూ చెయ్యి మామయ్యా."

"రెండూ శుక్రవారమేనే అమ్మలూ," అన్నాడు. పెద్ద అయ్యగారికి సరేనని ఆ మర్నాడే కబురు పంపాడు.

ఫైనల్ రోజు పొద్దున మేం చర్చి బట్టల్లోనే గ్రౌండుకి వెళ్ళాం. నాకు లేత గులాబీ గౌను, అమ్మకి పట్టుచీర, పైన శాలువా. కారు దిగితే ఏమీ కనపడలేదు. పొగమంచు. సముద్రం మీది నుంచి వచ్చి ఊరంతా కమ్మేసింది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడేవి గానీ అవతల ఏముందో తెలియదు. ఎక్కడో దగ్గు, ఎక్కడో చెప్పుల చప్పుడు, ఎవరో బ్యాట్ నేల మీద తడుతున్న టకటక. రాస్ లఫాన్ మంటల వైపు చూస్తే ఒక నారింజ మరక కనపడింది, అంతే. తడి ఇసక, అత్తరు, యాలకులు, కొత్త టేపు, అన్ని వాసనలూ ఆ మంచులో కలిసి నిలబడ్డాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు కలలో అక్కడ తిరుగుతుంటాను. మనుషులు మంచులోంచి వచ్చి పలకరించి మళ్ళీ మంచులోకి వెళ్ళిపోతుంటారు. ఎవరి మొహమూ పూర్తిగా కనపడదు.

ఆట మొదలయ్యే వేళ దాటిపోయింది. అవతలి జట్టు కేరళ వాళ్ళు. వాళ్ళ కెప్టెనూ మన కెప్టెనూ ఆ సిమెంటు డ్రమ్ము మీదే పక్కపక్కన కూర్చుని టీ తాగారు. నాన్న మాటిమాటికీ చేతి గడియారం చూసుకున్నాడు. మామయ్య ప్యాడ్లు కట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎంతో సేపటికి మంచు పలచబడి స్టంపులు కనపడ్డాయి. కేరళ కెప్టెన్ జేబులోంచి నాణెం తీసి, మళ్ళీ జేబులోనే వేసుకుని, "మీరే బ్యాటింగ్ చేయండి" అని చేత్తో చూపించాడు. విషయం ఆయనకీ తెలుసు.

మామయ్యతో పాటు అటు చివర కెప్టెన్ అంకుల్ దిగాడు. ఆ పొద్దున మామయ్య ఆడిన ఆట అంతకు ముందెప్పుడూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. పలచటి మంచులోకి బంతి వెళ్ళి మాయమయ్యేది. అది కోన్లు దాటిందో లేదో కేకల్ని బట్టి తెలుసుకునేవాళ్ళం. అవతలి వాళ్ళు కూడా చప్పట్లు కొడుతున్నారు. నాన్న లేచి గడియారం వైపు చూపిస్తూ చెయ్యి ఊపాడు. మామయ్య చూశాడు. చూసి కూడా చూడనట్టు తల దించుకుని మళ్ళీ బ్యాట్ నేల మీద తట్టాడు. అమ్మ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నా మనసులో మాత్రం "వెళ్ళొద్దు, వెళ్ళొద్దు" అని ఒకటే పాట.

ఆ ఓవర్ అయ్యాక కెప్టెన్ అంకుల్ పిచ్ మధ్యకి నడిచి వచ్చాడు. ఆ గొంతు మా దాకా వినపడింది.

"పాస్టర్ సాబ్. యల్లా. టైమ్ అయింది."

అప్పటిదాకా ఆయన్ని ఎవరూ అలా పిలవలేదు. మామయ్య తలెత్తాడు. "ఒక్క ఓవర్ భాయ్."

"నై. జబాన్ ఇచ్చినా."

"మ్యాచ్ పోతుంది భాయ్."

"పోనీ. మ్యాచ్ నాది, పోతే నాది పోతది. మీరు నడవండి."

మామయ్య తొడుగులు విప్పి, వచ్చే బ్యాట్స్‌మన్ కోసం అక్కడే నిలబడి, వాడి భుజం తట్టి, మా వైపు నడిచాడు. సగం దారిలో ఆగి ఒక్కసారి వెనక్కి తిరిగి పిచ్ వైపు చూశాడు. కేరళ వాళ్ళు ఎక్కడి వాళ్ళు అక్కడే నిలబడి చప్పట్లు కొట్టారు. కారు కొంత దూరం వెళ్ళాక చూస్తే ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. "మంచి టచ్‌లో ఉన్నానక్కా" అన్నాడు అమ్మతో. అమ్మ ముందు సీట్లోంచి చెయ్యి వెనక్కి చాపి ఆయన మోకాలి మీద ఉంచి, దోహా వచ్చేదాకా అలాగే ఉంచింది.

మేం వెళ్ళేసరికి హాల్లో మా ముందు వంతు తమిళం వాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. మా తరవాత వంతు ఫిలిప్పీన్స్ వాళ్ళది, వాళ్ళ పాటల బృందం అప్పుడే తలుపు దగ్గరికి వచ్చేసింది. బట్టలు మార్చుకునే వేళ లేదు. తెల్ల చొక్కా మీద ఎర్ర టేపు మరకలతోనే మామయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్ద అయ్యగారు ఆయన తల మీద రెండు చేతులూ ఉంచి ప్రార్థన చేశారు. చేతులు తీశాక చూస్తే అరచేతుల నిండా గ్రౌండు దుమ్ము. ఆయన దాన్ని దులుపుకోలేదు, ఆ చేతులతోనే అందరినీ దీవించారు. మామయ్య చేసిన మొదటి ప్రసంగం మాత్రం ఏమంత బాగా లేదు. రెండుసార్లు తడబడ్డాడు. ఫిలిప్పీన్స్ వాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూస్తుంటే త్వరగా ముగించేశాడు.

సాయంత్రం జట్టు మొత్తం మా ఇంటికి వచ్చింది. ఓడిపోయారు. ఒక రెండు మంచి దెబ్బలు పడి ఉంటే గెలిచేవారట. ఆ మాట ఎవరూ మామయ్య ముందు అనలేదు, ట్యాంకర్ అన్న వంటగదిలో నాకు చెప్పాడు. అమ్మ పెద్ద డేగిసాలో అన్నం, హమ్మూర్ పులుసు వడ్డించింది. అందరూ వరండాలో చాపల మీద కూర్చుని తింటున్నారు. అప్పుడు ప్రతి శుక్రవారంలాగే అమ్మమ్మ ఫోన్ వచ్చింది. ఆమెకి చెవుడు వస్తోంది కాబట్టి మేం స్పీకర్ పెట్టి మాట్లాడేవాళ్ళం.

"చేతులుంచారా నాన్నా?" అంది అమ్మమ్మ.

"ఉంచారమ్మా."

అవతల ఆమె ఏడ్చింది. మొక్కు తీరిందని ఏడ్చింది. కొంతసేపటికి ముక్కు చీదుకుని, "మరి ఆట?" అంది.

"మానేశానమ్మా."

"ఎందుకురా పిచ్చినాన్నా? నేను ఆదివారం ఒక్కటేగా వద్దన్నాను. ఆటే వద్దన్నానా? మిగతా రోజులున్నాయి కదరా! పని అయ్యాక సాయంత్రాలు ఆడుకోవచ్చుగా. నీకది ఎంత ఇష్టమో నాకు తెలీదూ?"

వరండాలో అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. అక్కడున్న వాళ్ళంతా తెల్లవారకముందే బస్సెక్కి చీకటి పడ్డాక క్యాంపుకి చేరే మనుషులు. ఎవరికీ మిగతా రోజులు లేవు. వారం మొత్తంలో సొంతమైంది ఆ ఒక్క శుక్రవారమే. దాన్ని మామయ్య ఆ పొద్దునే ఇచ్చేసి వచ్చాడు. ఇదంతా ఆమెకి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి?

"ఊరికే అన్నానమ్మా," అన్నాడు మామయ్య. "మానెయ్యలేదు. సాయంత్రాలు ఆడుకుంటున్నాను."

"ఒట్టే?"

మామయ్య తల దించుకుని కంచంలో అన్నం కెలికాడు. ట్యాంకర్ అన్న ఎంగిలి చేత్తోనే ఫోన్ దగ్గరికి జరిగాడు. "అవునమ్మా, మస్తుగ ఆడుతుండు! మేం చూస్తనే ఉన్నం. మీరు ఫికర్ పెట్టుకోకుండ్రి." కెప్టెన్ అంకుల్ కూడా "హా అమ్మా, రోజూ" అన్నాడు, నేల చూస్తూ. అమ్మమ్మ సంతోషంగా నవ్వింది. పొద్దున్నే పాస్టరైన మనిషి సాయంత్రానికి కన్నతల్లికి అబద్ధం చెప్పాడని నాకు భలే కోపం వచ్చింది. కానీ ఆయన మొహం చూశాక కోపం నిలవలేదు, ఏడుపొచ్చింది.

అక్కడితో ఆగలేదు. మరుసటి శుక్రవారం ఫోన్లో అమ్మమ్మ మొదటి ప్రశ్న, "ఈ వారం ఎన్ని కొట్టావు?" మామయ్య ఇటూ అటూ చూసి ఏదో ఒక అంకె చెప్పాడు. ఆ పై వారం అంకెతో ఊరుకోక, ఎవరు బౌలింగ్ వేశారో, ఏ దెబ్బ ఎటు పోయిందో అడిగింది. అలా మొదలైంది. క్యాంపులో జ్వరాలవాళ్ళని చూసి, ఆసుపత్రుల్లో పడుకున్నవాళ్ళ కోసం ప్రార్థన చేసి, అలిసిపోయి వచ్చి, మా వరండాలో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని, ఎక్కడా జరగని ఆటని తల్లికి చెప్పేవాడు. గాలి ఎటు వీస్తోందో, బంతి పాతదా కొత్తదా, అన్నీ చెప్పేవాడు. చెబుతున్నంతసేపూ కుడి చేతి వేళ్ళు కదులుతుండేవి. మేమంతా పనులు మానుకుని వినేవాళ్ళం. కంచె పడ్డాక మా గ్రౌండులో యంత్రాలు తిరిగాయి, తారు పోశారు, తెల్ల గీతలు గీశారు. మామయ్య మాత్రం ఫోన్లో అక్కడే ఆడుతూ ఉన్నాడు. అమ్మమ్మ పోయేదాకా, ఏళ్ళ తరబడి ఆడాడు. సంఘం కాపరిగా ఆయన చెప్పిన ప్రసంగాలు ఎన్నో విన్నాను గానీ, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ ఆటలే వినపడతాయి.

ఒక శుక్రవారం అమ్మమ్మ ఎప్పటిలాగే అడిగింది. మామయ్య తల అడ్డంగా ఊపి, "ఇవాళ సున్నాకే అవుటయ్యానమ్మా" అన్నాడు. ఆమె అయ్యో అయ్యో అని ఓదార్చింది. ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేకపోయాను.

"ఎలాగూ అబద్ధమే కదా మామయ్యా! సెంచరీ కొట్టొచ్చుగా?"

"నేనేం చెయ్యనే అమ్మలూ, బంతి లోపలికి తిరిగింది," అన్నాడు మామయ్య, నిజంగానే బాధగా.